కథల్లో చేతులు ముద్ద తినవు

ఆగస్టు 6, బుధవారం

మూడో నంబరు ప్రెస్‌ను ఈ రోజు మళ్ళీ నడిపించారు. ఆపింది రెండు రోజులే. రేకును అచ్చు నొక్కే డైలో రక్తం కడిగి, గ్రీజు పూసి, ఇంకో మనిషిని నిలబెట్టారు. కుక్కర్ హ్యాండిల్ కింద బిగించే బ్రాకెట్లు ఆగకూడదు కదా. ఆగితే దేశమంతా అన్నం మానేసి కూర్చుంటుంది పాపం.

గురప్ప మామ కుడిచేతికి నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది. మామ నాకు చుట్టం కాదు. పావగడ వైపు మనిషి, పదిహేడేళ్ళుగా బెంగళూరు పక్కన ఈ జిగణిలో ఇదే ప్రెస్ మీద ఉన్నాడు. నాలుగేళ్ళ కిందట నేను టెన్త్ మార్కుల కాగితం పట్టుకొని గేటు దగ్గర నిలబడితే, "ఈ పాపకు మిషను నేను నేర్పిస్తా" అని లోపలికి పిలుచుకొచ్చాడు. ఇప్పుడు నేను కడ్డీలు తిప్పి చెక్కే లేత్ మీద ఉన్నాను. కంప్యూటర్ డ్రాయింగు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను, ఇంగ్లీషు డిక్షనరీ చూసి నేర్చుకున్నాను. మామ లేకపోతే గేటు దగ్గరే ఉండేదాన్ని.

ఎంక్వైరీ పెడతారట. నన్ను సాక్షిగా పిలుస్తారట. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ రాసి చూసుకుంటాను.

ప్రెస్‌కు రెండు బటన్లు ఉంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే పై భాగం కిందికి దిగుతుంది. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే లోపల నలిగేది ఏమీ ఉండదు. మామ ప్రెస్‌లో కుడి బటన్ ఎప్పుడూ నొక్కే ఉండేలా ఒక నైలాన్ ముక్క బిగించి ఉంది. దాంతో ఎడమచేత్తో నొక్కుతూ కుడిచేత్తో రేకు పెట్టుకోవచ్చు. పని తొందరగా అవుతుంది.

ఆ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

ఆగస్టు 7

టార్గెట్ షిఫ్టుకు పద్దెనిమిది వందల పీసులు. రెండు చేతులతో నొక్కితే పదకొండు వందలు దాటదు. ఎంక్వైరీలో ఇదే అడగాలి. గట్టిగా అడగాలి.

ఆగస్టు 10, ఆదివారం

ఆసుపత్రికి పోయాను. మామ భార్య అక్కయమ్మత్త రాగిముద్ద, ఆకుకూరల సొప్పుసారు తెచ్చింది. మామ ముట్టలేదు. వార్డులో అందరూ చూస్తుండగా ఎడమచేత్తో తినడం మామకు చచ్చేంత సిగ్గు. అత్త తినిపించబోతే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నేనేం పసిబిడ్డనా? మూత పెట్టు."

"పొద్దున్నించి ఇదే వరస. నువ్వన్నా చెప్పు నేత్రావతీ," అంది అత్త.

టిఫిన్ బాక్సు మూత పెట్టాను. కాసేపయ్యాక మామే అన్నాడు: "చూపుడువేలు దురద పెడతా ఉండాది పాపా. యాడ గోకేది, చెప్పు?"

లేని వేలు. నేను నవ్వాను. ఎందుకు నవ్వానో తెలియదు. అత్త నన్ను చూసిన చూపు ఇంకా వీపుకు గుచ్చుకుంటూనే ఉంది.

ఆగస్టు 12

అవెన్యూ రోడ్డు పేవ్‌మెంటు మీద కొన్న పాత మాసపత్రిక మళ్ళీ తీశాను. అట్ట లేదు, చివరి పేజీలు కూడా లేవు. అందులో ఒక సైన్సు కథ. చెయ్యి తెగిన వాచ్‌మన్‌కు ఒక సైంటిస్టు ఉక్కు చెయ్యి చేసి తగిలిస్తాడు. వాచ్‌మన్ దాంతో గోడలు పగలగొడతాడు, దొంగల కారును ఒంటిచేత్తో ఆపుతాడు. తరువాత ఒక రోజు ఆ చెయ్యి వాచ్‌మన్ మాట వినడం మానేస్తుంది. అక్కడే పేజీలు చిరిగిపోయాయి. మూడేళ్ళుగా నాకు తోచిన ముగింపులు ఈ డైరీ వెనక పేజీల్లో రాస్తూనే ఉన్నాను. ఈ రోజు రాసిన దాంట్లో ఆ చెయ్యి గోడ దూకి మా సూపర్‌వైజర్ అభిషేక్ గొంతు పట్టుకుంటుంది.

బాగా వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను.

ఆగస్టు 17, ఆదివారం

నేనే చేస్తాను. ఉక్కు ఎందుకు, అల్యూమినియం చాలు. స్క్రాప్ డబ్బాలో కడ్డీలు ఉన్నాయి. భోజనం వేళలో లేత్ ఖాళీ. వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్ళకు పన్నెండు. మణికట్టు వంచితే లోపలి తీగలు లాగుకొని వేళ్ళు ముడుచుకోవాలి. డ్రాయింగు పూర్తయింది. చూస్తే కథలోని బొమ్మలాగే ఉంది. ఇలాంటిది చేయగలనని నాలుగేళ్ళ కిందట ఎవరైనా అని ఉంటే నేనే నమ్మేదాన్ని కాదు.

ఆగస్టు 24, ఆదివారం

ఈ వారం వచ్చిన వార్త. చెయ్యి తీసేయాల్సి వచ్చిన ముగ్గురు మనుషులకు ఆపరేషను ముందు మెదడు ఫొటోలు తీశారు. తీసేశాక ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ తీశారు. చెయ్యి పోతే మెదడులో దాని చోటును పక్క భాగాలు ఆక్రమించుకుంటాయని ఇన్నాళ్ళూ పుస్తకాల్లో ఉండేదట. ఫొటోల్లో అలా లేదు. లేని వేళ్ళ పటం చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

మామను ఇంటికి పంపించేశారు. పోయి చదివి వినిపించాను. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. మామ కట్టు వైపు చూశాడు.

"అంటే నా వేళ్ళు యాడికీ పోలా."

"పోలేదు మామా."

"మరి దురద పెట్టదా? అద్దె కట్టకుండా కూచోనుండాయి నా కొడుకులు," అన్నాడు. అత్త నవ్వింది. ప్రమాదం జరిగాక ఆమె నవ్వడం ఇదే మొదలు.

ఇంటికొచ్చి ఆరో తేదీన రాసింది చదివాను. 'నాకు తెలియదు' అని రాసుకున్నాను. ఎవరికి రాశాను? ఇది చదివేది నేనొక్కదాన్నే కదా.

నాకు తెలుసు.

సెప్టెంబరు 2, మంగళవారం

ఎంక్వైరీ. ఆఫీసు గదిలో ఓనరు, హెడ్డాఫీసు నుంచి ఒకాయన, అభిషేక్ సార్, మామ, నేను.

కంపెనీ మాట ఇది: గురప్ప తనంతట తానే బటన్‌కు ముక్క బిగించుకున్నాడు, నిర్లక్ష్యం, కాబట్టి పనిలోంచి తీసేయవచ్చు. పదిహేడేళ్ళ మనిషి మీద ఒక్క పేజీ కాగితం. హెడ్డాఫీసు ఆయన అడిగాడు: "ఈ ముక్క ఎవరు పెట్టారు గురప్పా?"

"నేనే సార్."

"ఎక్కడినుంచి వచ్చింది?"

"యాడో దొరికింది సార్."

నన్ను అడిగారు. టార్గెట్ సంగతి చెప్పాను. గట్టిగానే చెప్పాను. ముక్క సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాను.

రెండో విచారణ పదిహేనున. ఆ రోజు మామను తీసేస్తారు.

సెప్టెంబరు 3

అభిషేక్ మీద కోపం. ఓనరు మీద కోపం. రాయడానికి ఇంకేమీ లేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

అల్యూమినియం చెయ్యి పూర్తయింది. నున్నగా తళతళలాడుతుంది. మామకు కుట్లు విప్పి వారం దాటింది. మెత్తటి గుడ్డ చుట్టి, పట్టీ వేసి తగిలించాను. మామ చెయ్యి ఎత్తబోయాడు. ఎత్తలేకపోయాడు. బల్ల మీద టప్పున పడింది. తూకం వేస్తే ఏడు వందల గ్రాములు. అంత బరువు వేలాడుతుంటే ఇంకా పచ్చిగా ఉన్న చోట నొప్పి రాదా? ఇది చేసేటప్పుడు ఒక్కసారైనా తూకం వేయాలని తోచలేదు నాకు. అందంగా ఉందా లేదా అన్నదే చూసుకున్నాను.

"ఏం పాపా, ఇది పెట్టుకొని నన్ను కోట బద్దలు కొట్టమంటావా?"

నేను పత్రిక తీసి కథ చూపించాను. ఇలాంటిదే చేయాలనుకున్నానని చెప్పాను. మామకు తెలుగు చదవడం రాదు, కన్నడమే వచ్చు. కథంతా చెప్పించుకొని విన్నాడు. విని ఒకే మాట అడిగాడు.

"ఆ వాచ్‌మన్ అన్నం దేంతో తిన్యాడు?"

"అది రాయలేదు మామా."

"రాయడు. నీ కథల్లో చేతులు గోడలు పగలగొడతాయి, కార్లు ఆపుతాయి. ఒక్కటన్నా ముద్ద తింటుందా? రాసేవానికి కడుపు నిండుంటాదిలే."

నాకు రోషం వచ్చింది. ఏదో ఒకటి అనాలని నోటికొచ్చింది అడిగేశాను. "నువ్వెందుకు అబద్ధం చెప్పావు? యాడో దొరికిందని ఎందుకన్నావు?"

అత్త వంటింట్లోకి పోయింది. మామ ఆ అల్యూమినియం వేలును బొటనవేలితో నిమిరాడు.

"నైలాన్‌ను ఇంత నున్నగా తిప్పే చెయ్యి ఈ జిగణిలో ఎవురిదో నాకు తెలీదా? నేర్పించిందే నేను గదా."

"మరి చెప్పాల్సింది."

"చెప్తే నీ పని పోతాది. నా వేళ్ళు వస్తాయా? చేసింది నువ్వే గానీ, పెట్టుకున్న చెయ్యి నాది. ఊరుకో."

ఊరుకోలేదు. చెప్పులు వేసుకొని వచ్చేశాను. అల్యూమినియం చెయ్యి వాళ్ళింట్లోనే ఉండిపోయింది.

సెప్టెంబరు 8, సోమవారం

ఆ ముక్క నేను చేశాను.

మార్చిలో. మామ భుజం నొప్పి అని రోజూ అనేవాడు. రోజంతా రెండు చేతులూ చాచి నొక్కుతూ ఉంటే ఎవరికైనా నొప్పే. అంతకుముందు కొందరు చెక్కపేడులు దూర్చేవాళ్ళు, జారిపోయేవి. నేను కొలత తీసుకొని, బటన్ అంచుకు సరిగ్గా కూర్చొనేలా నైలాన్‌లో తిప్పాను. అర చుట్టు తిప్పితే లాక్ అవుతుంది. జారదు. ఊడదు. నా మొదటి సొంత డిజైను అది. ఫొటో తీసి అభిషేక్ సార్‌కు వాట్సాప్‌లో పెట్టాను. జవాబు ఇంకా ఫోన్‌లో ఉంది: 'సూపర్ నేత్రా! మిగతా ప్రెస్‌లకు కూడా ఆరు చేసి పెట్టు.' పక్కన బొటనవేలు బొమ్మ.

ఆరు చేసి పెట్టాను. ఆ రోజు ఇంటికి జిలేబి తీసుకుపోయాను.

చెక్కపేడు అయ్యుంటే జారిపోయేది. జారితే ప్రెస్ ఆగేది. నాది జారలేదు.

సెప్టెంబరు 14

రేపు.

సెప్టెంబరు 15, సోమవారం

చెప్పాను.

మామ పక్కనే కూర్చుని "పాపకు జ్వరం సార్, ఏదేదో మాట్లాడతా ఉండాది" అన్నాడు. నేను ఆగలేదు. ముక్క డ్రాయింగు చూపించాను. మిగతా ఆరు ముక్కలూ ఏయే ప్రెస్‌కు ఉన్నాయో చెప్పాను. తరువాత ఫోన్ తీసి మెసేజ్ బల్ల మీద పెట్టాను.

హెడ్డాఫీసు ఆయన చదివి, ఫోన్‌ను అభిషేక్ సార్ ముందుకు జరిపాడు. అభిషేక్ సార్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు ఉంటాయి. ఆయన గొంతు పట్టుకునే కథ రాసి నేను రెండుసార్లు చదువుకున్నాను. ఆయన ఆ స్క్రీను వైపు ఎంతసేపు చూశాడంటే అది ఆరిపోయింది. మళ్ళీ వెలిగించి చూశాడు.

"నాదే సార్. మెసేజ్ నాదే. నెంబర్స్ కావాలని నేనే చెయ్యమన్నా," అన్నాడు.

కాదంటాడనుకున్నాను. దానికోసం నాలుగు మాటలు రాసి పెట్టుకున్నాను. అవి వాడే అవసరం రాలేదు.

మామను తీసేసే కాగితం చించేశారు. ఇన్‌స్పెక్షన్ టేబుల్ మీద పని ఇస్తారు. ప్రెస్‌లన్నిటికీ రేపే కొత్త బటన్లు, టార్గెట్ మళ్ళీ లెక్క వేస్తారు. నాకు పది రోజులు సస్పెన్షన్. అభిషేక్ సార్‌కు కూడా.

గేటు బయట మామ నా తల మీద మొట్టికాయ వేశాడు, ఎడమచేత్తో.

"పెద్ద హరిశ్చంద్రుని మనవరాలు వచ్చిండాది."

గట్టిగానే తగిలింది.

సెప్టెంబరు 18, గురువారం

సస్పెన్షన్‌లో మూడో రోజు. బొమ్మసంద్ర నుంచి కొత్త పసుపు లైను మెట్రో ఎక్కాను. డ్రైవరు లేకుండా నడవగల రైలని పేపర్లో రాశారు. ముందర డ్రైవరు కూర్చొనే ఉన్నాడు. ఒక రైలు పోతే ఇంకోటి ఎప్పుడొస్తుందో అని జనం మెడలు సాచి నిలబడ్డారు. రేపటి కాలం ఇలాగే వస్తుందేమో, కొంచెం లేటుగా, కిక్కిరిసి. మధ్యలో దిగి లైను మారి చిక్కపేటకు చేరాను, చెయ్యిని ఈసారి తేలికైన ప్లాస్టిక్‌లో చేయించాలని.

అక్కడ చీరల గోడౌను పైన మూడో అంతస్తులో అనసూయక్క కొట్టు. ప్లాస్టిక్‌ను పొర మీద పొర పోసి బొమ్మలు అచ్చువేసే మిషన్లు మూడు ఉన్నాయి. మిక్సీ గేర్లు, పెళ్ళి పేర్ల పలకలు, కీచైన్లు చేస్తుంది. నా డ్రాయింగును తిప్పి తిప్పి చూసింది.

"ఏమ్మా, ఇది చెయ్యా, పట్టకారా?"

"చెయ్యే అక్కా. మనిషికి పెట్టాలి."

"మనిషికైతే మరి ఈ మూలలన్నీ ఎందుకు? ఎవురినన్నా పొడవాలనా?"

మూలలు కథలోని బొమ్మలో ఉన్నాయి కాబట్టి. ఆ మాట అనలేదు. కూర్చొని ఒక్కోటి గుండ్రం చేశాను. అక్క తన మిషన్ల సంగతులు చెప్పింది, నేను ఇంకో వార్త చెప్పాను. పక్షవాతంతో కదలలేని ఒక మనిషి కేవలం ఆలోచనతో రోబో చేతిని కదిలించాడు, ఏడు నెలలు. రోజూ మెదడులో ఆ కదలిక చోటు కొంచెం కొంచెం జరుగుతూ ఉంటుందట, మిషనుకు ఆ జరగడం నేర్పించారట. అంత చదువు, అంత కష్టం. చివరికి ఏం చేశాడు? అలమర తెరిచి, కప్పు తీసి, నీళ్ళు పట్టే చోట పెట్టాడు.

"అంతేనా?" అంది అనసూయక్క.

"అంతే."

చెబుతుండగానే నాకు వెలిగింది. వాళ్ళెవరూ గోడ పగలగొట్టలేదు. దాహం తీర్చుకోవడం దగ్గర మొదలుపెట్టారు. మామ అడిగిందే వాళ్ళు చేశారు. ఆ వార్త నా ఫోన్‌లో నెలలుగా ఉంది, కప్పు దగ్గర మాత్రం నేను ఆగి చూడలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

ప్లాస్టిక్ చెయ్యి తొంభై గ్రాములు! డాక్టరమ్మ మెల్లగా వాడుకోవచ్చని చెప్పింది. మామ మణికట్టు వంచాడు. దారాలు లాగుకున్నాయి. నాలుగు వేళ్ళూ ముడుచుకొని బొటనవేలిని తాకాయి. మామ విప్పాడు, ముడిచాడు, విప్పాడు. పెన్ను పట్టుకున్నాడు. లోటా పట్టుకున్నాడు. నా చెవి పట్టుకున్నాడు.

ముద్ద మాత్రం కుదరలేదు. వేళ్ళకు బంకలా అతుక్కుపోయింది. విదిలిస్తే గోడకు కొట్టుకుంది. మామ చెయ్యి విప్పి పక్కన పెట్టి పోయి పడుకున్నాడు.

సెప్టెంబరు 22

వేళ్ళకు సన్నటి గీతలున్నాయి, పొరల గీతలు. పిండి అందులో ఇరుక్కుంటుంది. గరుకు ఉప్పుకాగితంతో రుద్దాను. చాలలేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

చిక్కపేటలో కాగితాలు తిప్పేవాళ్ళు వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగులు కొన్నాను, నాలుగు. చూపుడువేలికి కొంచెం బిగుతు. మళ్ళీ మామ ఇంటికి. మళ్ళీ ముద్ద. మళ్ళీ అతుక్కుంది, కానీ తక్కువ.

నేను రబ్బరు రకాల గురించి, అంటుకునే గుణం గురించి, నాకు తెలిసిందీ తెలియనిదీ మాట్లాడుతున్నాను. అక్కయమ్మత్త పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది.

"ముప్పై ఏండ్ల నుంచి ముద్ద కడతా ఉండాను. ఒక్కరన్నా నన్ను అడిగినారా?" అని చెంబులో నీళ్ళు తెచ్చి, మామ ప్లాస్టిక్ వేళ్ళను అందులో ముంచింది. "తడి చేత్తో ముట్టుకోవల్ల. పొడి చేత్తో ముట్టుకుంటే నాకైనా అంటుకుంటాది."

మామ ముద్ద అంచు గిల్లాడు. తెగింది. సారులో ముంచాడు. నోట్లో పెట్టుకొని మింగాడు. ఇంకోటి. మూడోది జారి పంచె మీద పడింది. తిట్టుకున్నాడు. నాలుగోది మింగాడు.

"ఉప్పు తక్కువ," అన్నాడు.

అత్త అటు తిరిగి చెంగుతో మొహం తుడుచుకుంది. "తక్కువేం లేదు. రెండు నెలలుగా నీ నోటికి రుచి పోయింది."

సెప్టెంబరు 30, మంగళవారం

ఆయుధపూజ రేపు. రేపు సెలవు కాబట్టి ఫ్యాక్టరీలో ఈ రోజే చేశారు. మిషన్లన్నీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు కట్టారు. మూడో నంబరు ప్రెస్‌కు కొత్త బటన్లు, రెండూ చుట్టూ గోడలున్నవి. వాటి మీద ఇక ఏ ముక్కా కూర్చోదు. నేను చేసి చూశాను. కూర్చోదు. నేను చూస్తున్నది అభిషేక్ సార్ గమనించాడు. "డ్రాయింగ్ నేనే చెక్ చేశా," అన్నాడు. నేను "సరే సార్" అన్నాను. ఇప్పటికి మా మధ్య అంతే.

మిషన్ల ముందు గుడ్డ పరిచి అందరూ పనిముట్లు పెట్టారు. నా కొలతల వెర్నియర్, స్పానర్లు, టేపులు, సుత్తులు. గురప్ప మామ ముందుకు వచ్చాడు. పట్టీ విప్పి, చెయ్యి తీసి, వెర్నియర్‌కూ స్పానర్‌కూ మధ్యలో పెట్టాడు. కొందరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పూజారి మాత్రం ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. నాలుగు వేళ్ళకు నాలుగు బొట్లు పెట్టి, అరచేతిలో ఒక బంతిపువ్వు ఉంచాడు. హారతి ఇచ్చారు. గేటు దగ్గర బూడిదగుమ్మడికాయ కొట్టారు.

తరువాత ఆకులు వేశారు. పులిహోర, బెల్లం పొంగలి. ప్రమాదం తరువాత మామ అందరితో కలిసి తినబోవడం ఇదే మొదటిసారి. దీనికోసమే ఇంత తొందరపడ్డాం. చెయ్యి తీసుకోబోతే పూజారి ఆపాడు.

"పూజలో పెట్టిన ఆయుధం ముట్టకూడదప్పా. ఎల్లుండి మళ్ళీ పూజ చేసినాకే తీసుకునేది."

ఇంత లెక్క వేసిన నాకు ఆ సంగతి తట్టలేదు. నా వెర్నియర్ కూడా ప్రతి ఏడూ అలాగే ఉండిపోతుంది, తెలిసిందే. అది పనిముట్టు. ఇది చెయ్యి. నాకు ఒళ్ళు మండింది.

"స్వామీ, అది ఆయన చెయ్యి! ఆయన ఎట్ల తినేది?" అని అరిచాను.

అందరూ మామ వైపు చూశారు. ఏ చూపులకు భయపడి రెండు నెలలు దాక్కున్నాడో, సరిగ్గా ఆ చూపులే. మామ ఆ చెయ్యి వైపు చూశాడు, బొట్లు పెట్టుకొని, పువ్వు పట్టుకొని దర్జాగా పడుకొని ఉంది. మామ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఊరుకో పాపా. స్వామి చెప్పింది సరిగానే ఉండాది. పదిహేడేండ్లు ఒక్కదినం లీవు ఇయ్యలేదు నా కుడిచేతికి. ఈ దినం ఇస్తాను."

పోయి వరసలో సరిగ్గా మధ్యన కూర్చున్నాడు. ఎడమచేత్తో పులిహోర కలిపి, ఎడమచేత్తో తిన్నాడు. మెతుకులు రాలాయి. పక్కనున్న వెల్డరు ఏదో అన్నాడు. మామ "నీకు కుడిచెయ్యి ఉండి గూడా అంతకంటే ఎక్కువ పారేసినావు, నీ ఆకు చూసుకో" అన్నాడు. వరసంతా నవ్వింది. రెండోసారి పొంగలి అడిగి వేయించుకున్నాడు.

నాతో "నువ్వూ తిను చూద్దాం ఎడమచేత్తో" అన్నాడు. తిన్నాను. సగం ఒళ్ళో పడింది.

చిరిగిన పత్రిక చివరి పేజీల కోసం ఇక వెతకను. ఆ సైంటిస్టు వాచ్‌మన్ భార్యను ఒక్క మాట కూడా అడిగి ఉండడు.

ఎల్లుండి పూజ అయ్యాక చెయ్యి తీసుకోవాలి. చూపుడువేలు ఒక మిల్లీమీటరు పొడుగు ఉంది, తగ్గించాలి. అత్తకు ఒకసారి చూపించి.